ధ్రువాల దగ్గర సముద్రపు అడుగును ఎలా మ్యాప్ చేస్తారు?
నీటిలో వెలుతురు ఎంతో దూరం పోదు, అందుకే శబ్దంతో కొలుస్తారు. ఓడ అడుగున ఉండే మల్టీబీమ్ సోనార్ విసనకర్రలా శబ్దాన్ని కిందికి పంపుతుంది. నీటిలో దాని వేగం సెకనుకు సుమారు 1500 మీటర్లు. ప్రతిధ్వని 4 సెకన్లకు తిరిగొస్తే, పోవడానికి రెండు, రావడానికి రెండు కాబట్టి, లోతు 3 కిలోమీటర్లన్నమాట.

ధ్రువాల దగ్గర చిక్కంతా మంచుతోనే. ఓడ పోలేని చోటికి మనిషి లేని జలాంతర్గామిని పంపుతారు. 2019లో అంటార్కిటికాలోని త్వైట్స్ హిమానీనదం ముందు 'రాన్' అనే అలాంటి యంత్రం సుమారు 700 మీటర్ల లోతున వరసగా 160కి పైగా గట్లను చూసింది. అచ్చం దుక్కి చాళ్లే! ఆటుపోట్లకు మంచు అంచు లేచి పడుతూ రోజుకొక గట్టు వేసిందని శాస్త్రవేత్తల అంచనా. ఆ లెక్కన గత 200 ఏళ్లలో ఎప్పుడో, ఆరు నెలల లోపు కాలమే అయినా, ఆ మంచు అంచు ఏడాదికి 2 కిలోమీటర్లకు పైగా వేగంతో వెనక్కి తగ్గింది.