లాటిన్, తర్కం చదివితే వృత్తి విద్యల్లో వెనుకబడతారా?

ప్రశ్న: మేము అమెరికాలో ఉంటున్నాము. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఆమెను క్లాసికల్ క్రైస్తవ విద్య నేర్పే పాఠశాలలో చేర్చాలని నా భార్య కోరిక. అక్కడ లాటిన్, తర్కం, ప్రాచీన గ్రంథాలు చదివిస్తారట. రేపు ఇంజనీరింగ్‌కో వైద్యానికో వెళ్లాలంటే ఈ చదువు అడ్డవుతుందేమోనని నా భయం. మీ సలహా చెప్పగలరు.

జవాబు: మీ భయంలో న్యాయం ఉంది కాని, దానికి కారణం మీరనుకుంటున్నది కాదు. లాటిన్ వల్ల గాని తర్కం వల్ల గాని అమ్మాయి వెనుకబడదు. గణితం, భౌతికశాస్త్రం బలహీనంగా ఉన్న బడిలో చేరితే మాత్రం వెనుకబడుతుంది.

మధ్యయుగ ఐరోపాలో వ్యాకరణం, తర్కం, వక్తృత్వం అనే మూడు విద్యలను కలిపి ట్రివియం అనేవారు. 1947లో డొరొతీ సేయర్స్ అనే ఆంగ్ల రచయిత్రి ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ప్రసంగంలో ఆ మూడింటినీ పిల్లల ఎదుగుదలలోని మూడు దశలతో ముడిపెట్టారు. 1981లో ఐడహో రాష్ట్రంలోని మాస్కో పట్టణంలో మొదలైన లోగోస్ పాఠశాల ఈ ఆలోచనను ఆచరణలో పెట్టిన తొలి బడులలో ఒకటి. చిన్న పిల్లలకు కంఠస్థం చేయడం ఇష్టం కనుక ఎక్కాలు, చరిత్రలోని కాలక్రమం, లాటిన్ పదరూపాలు ఆ వయసులోనే నేర్పుతారు. పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి పిల్లలు ప్రతి మాటకూ ఎదురు చెప్పడం మొదలుపెడతారు. ఆ స్వభావాన్ని అణచివేయకుండా, దానికి తర్కశాస్త్రం తోడుచేసి, వాదనకు ఆధారమేమిటో, ఎదుటి మనిషిని నిందించినంత మాత్రాన అతని మాట తప్పని ఎందుకు తేలదో నేర్పుతారు. నా దృష్టిలో ఈ విద్యలో అన్నిటికంటె విలువైనది ఇదే. రోగి చెప్పే లక్షణాలలో ఏది కారణమో, ఏది కాకతాళీయమో విడదీయవలసిన వైద్యునికీ, పనిచేయని యంత్రం ముందు నిలబడిన ఇంజనీరుకూ కావలసింది ఈ శక్తే.

వైద్య పదాలు సులభంగా వస్తాయని లాటిన్‌ను సమర్థించేవారున్నారు. అది నిజమే అయినా చిన్న లాభం. ఆ పదాలను తరువాత కొన్ని నెలల్లో నేర్చుకోవచ్చు. లాటిన్‌లో కర్త ఎవరో, కర్మ ఏదో ముఖ్యంగా పదం చివరి ప్రత్యయమే చెబుతుంది కాబట్టి, విద్యార్థి ప్రతి మాట దగ్గరా ఆగి చూడక తప్పదు, అసలు లాభం అందులో ఉంది. మన విభక్తులతో పెరిగిన పిల్లకు ఈ పద్ధతి మరీ కొత్తగా తోచదు.

ఇక క్రైస్తవ విద్య అన్న మాట. ఇంట్లో ఆ విశ్వాసం ఉంటేనే ఈ బడి మీకు సరిపోతుంది, ఎందుకంటే అక్కడ బైబిల్ ప్రత్యేకమైన ఒక పీరియడ్‌లో ముగిసేది కాదు, అన్ని పాఠాలలోనూ కలిసి నడుస్తుంది. అయితే మంచి బడులు పిల్లలను ఇతర గ్రంథాలకు దూరంగా పెంచవు. క్రైస్తవానికి ముందటి గ్రీకు, రోమన్ రచయితలైన హోమర్‌ను, వర్జిల్‌ను, ప్లేటోను శ్రద్ధగా చదివిస్తాయి. స్వయంగా వక్తృత్వ ఆచార్యుడిగా పనిచేసి తరువాత బిషప్పైన అగస్టీను, సత్యం ఎక్కడ దొరికినా అది ప్రభువుదేనని రాశాడు. ఆ ధైర్యం మీరు చూస్తున్న బడిలో ఉందో లేదో గమనించండి.

చేర్చే ముందు ఆ బడికి వెళ్లి, కాల్‌క్యులస్ వరకు గణితం చెబుతున్నారా, బోధించేవారు ఆ శాస్త్రం చదివినవారేనా, రసాయన, భౌతికశాస్త్రాలకు ప్రయోగశాల ఉందా, బడికి గుర్తింపు ఉందా అని అడగండి. ఇవి చాలా వరకు చిన్న బడులు కాబట్టి లోపం ఉంటే ఇక్కడే ఉంటుంది. అది కనిపిస్తే గణితానికి బయట ఏర్పాటు చేయండి, లేదా వేరే బడి చూడండి. క్లాసిక్ లెర్నింగ్ టెస్ట్ అనే ప్రవేశ పరీక్షను 2023 నుంచి ఫ్లోరిడా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు అంగీకరిస్తున్నాయి గాని, ఇంజనీరింగ్‌ను దృష్టిలో పెట్టుకున్న పిల్లకు శాట్ కూడా రాయించడం మేలు.

ఇలాంటి అనేక బడులలో పన్నెండో తరగతి పిల్లలు ఒక సిద్ధాంత వ్యాసం రాసి, పెద్దల ముందు నిలబడి దాన్ని సమర్థించుకుంటారు. వీలైతే ఆ రోజు మీరిద్దరూ వెళ్లి, ఊహించని ప్రశ్న ఎదురైనప్పుడు ఆ విద్యార్థులు ఏం చేస్తున్నారో చూడండి. చూసి వచ్చాక ఇంకా సందేహం ఉంటే మళ్లీ రాయండి.