మీ తాతగారికి ఆ లైటు ఎవరిచ్చారు?

తమ్ముడూ,

నువ్వు పంపిన కథ పదకొండు పేజీలూ రెండుసార్లు చదివాను, మొదటిసారి గబగబా, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. భాష బాగుంది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక మీదట చెప్పేవి కొంచెం గట్టిగానే ఉంటాయి.

మీ తాతగారు గోదావరిఖనిలో ఓపెన్‌కాస్టులో (ఓసీ, అంటే పైనుంచి తవ్వే బొగ్గు గనిలో) డంపర్ నడిపేవారని మొదటి పేజీలో నువ్వే రాశావు. మూడో పేజీకి వచ్చేసరికి ఆయన తలకి లైటు, చేతిలో తట్టా చెమ్మస్ (బొగ్గెత్తే పార) వచ్చేశాయి, చీకట్లో బొగ్గు నింపుతున్నారు. ఆ లైటు ఆయనకి ఎవరిచ్చారు? ఓసీలో నెత్తిన ఎండ ఉంటుంది, మెట్లు మెట్లుగా దిగే గొయ్యి ఉంటుంది, ఇల్లంత బండ్లు తిరుగుతుంటాయి. మసి మొహం, నల్ల బంగారం, చెమట చుక్క, ఇవన్నీ నీకన్నా ముందు చాలామంది వాడి అరగదీశారు. నువ్వు చూసింది అది కాదు కదా.

ఆ లైటు మా తాత కాలం నాటిది. 1970ల్లో బెల్లంపల్లి, భూమి లోపలి గని. వేసవి సెలవులకి అక్కడికి వెళ్లేవాళ్లం. ఆ ఇంట్లో గని అనే మాట లేదు, బాయి అనేవాళ్లు. తాత బాయికి పోయిండు అంటే నాకు నీళ్ల బావే కనిపించేది, మనిషి రోజూ అందులోకి దిగి ఎనిమిది గంటలు ఏం చేస్తాడో అర్థమయ్యేది కాదు, అడగడానికి సిగ్గు. లోపల గ్యాస్ ఉంటుంది కాబట్టి బీడీ, అగ్గిపెట్టె తీసుకెళ్లనివ్వరు. అందుకని తాత బయల్దేరేటప్పుడు బీడీ కట్ట అమ్మమ్మకిచ్చేవాడు, ఆమె కొంగున ముడేసుకునేది. షిఫ్టు దిగే సైరన్ కొట్టాక తాత రావడం ఆలస్యమైతే ఆమె ఏమీ మాట్లాడేది కాదు, ఆ ముడి విప్పేది, మళ్లీ వేసేది, విప్పేది. ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే "గింత సేపా?" అని తిట్టి కట్ట ఆయన మీదికి విసిరేది.

ఇంకోటి కూడా ఉంది. తాత పుచ్చకాయని తట్టేవాడు (అది అందరూ చేస్తారులే), కొత్త కుండని తట్టేవాడు, నా వీపు మీద కూడా రెండు తట్టి చెవి వంచి వినేవాడు. బాయిలో పైనున్న బండని అలా తట్టి చూస్తారని, గట్టిగా మోగితే సరేనని, గుల్లగా మోగితే పక్కకి జరగాలని నాకు ఇరవై ఏళ్లు దాటాక తెలిసింది. నువ్వైతే ఈ కారణాన్ని మొదటి వాక్యంలోనే చెప్పేసేవాడివి. నీ కథలో ఏడేళ్ల పిల్లాడికి 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గు కనుక్కున్నాడని తెలుసు, 1889లో తవ్వకం మొదలైందని తెలుసు! వాడికి అవెందుకు? వాడున్నది 8 ఇంక్లైన్ కాలనీలో (ఇంక్లైన్ అంటే ఏటవాలుగా దిగే బాయి). కాలనీకి అంకె ఏంటి, ఏడెక్కడ, తొమ్మిదెక్కడ అని అడిగి ఎవరినో విసిగించే ఉంటాడు. అది రాయి.

ఆరో పేజీలో ప్రమాదం తీసెయ్. అది జరగలేదని నువ్వే ఒప్పుకున్నావు. ఆ ఊళ్లలో నిజంగా మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్లున్నాయి, వాళ్లు కూడా చదువుతారు. కథ కదలట్లేదని ఒక చావుని అరువు తెచ్చుకుంటే నాకు మాత్రం కోపం వస్తుంది.

అసలు సంగతి నువ్వు పేజీల్లో రాయలేదు, మొన్న ఫోన్‌లో నవ్వుతూ చెప్పావు. మధ్యాహ్నం ఓసీలో బ్లాస్టింగ్ టైముకి కిటికీ రెక్కలు గడగడలాడేవని, మీ నానమ్మ టీవీ సీరియల్ చూస్తూనే లేచి వెళ్లి గోడకున్న దేవుడి పటం మీద అరచెయ్యి ఆనించి నిలబడేదని, మోత అయిపోగానే వచ్చి మళ్లీ కూర్చునేదని. నేను ఫోన్ పెట్టేశాక కూడా ఆమే కళ్ల ముందు ఉంది. పదకొండు పేజీలూ పక్కన పెట్టి ముందు ఆ మధ్యాహ్నం ఒక్కటే రాసి పంపు. అది ఏ దేవుడి పటం, ఆమె చెయ్యి అంత ఎత్తుకి అందేదా, లేక పీట వేసుకునేదా? నువ్వు అప్పుడు ఎక్కడ కూర్చుని ఉన్నావు?

మీ అక్క