భాష రాని బాలింతకు మత్తు లేకుండా కుట్లు వేస్తే కేసు పెట్టొచ్చా?

సందేహం: మాది నల్లగొండ దగ్గర పల్లె. మా ఊరి ఇటుక బట్టీలో పనికి ఒడిశా నుంచి వచ్చిన అమ్మాయికి ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పయింది. ఆమెకు తెలుగు రాదు. తెలుగు వచ్చిన ఆడపడుచును లోపలికి రానివ్వలేదు. ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. నొప్పులకు మందేమీ ఇవ్వలేదు, కుట్లు కూడా మత్తు లేకుండానే వేశారట. అరిస్తే కసిరారట. కేసు పెట్టొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: పెట్టొచ్చు. అయితే ఆమె పడ్డ రెండు నొప్పుల్నీ చట్టం ఒకేలా చూడదు. పురిటి నొప్పులు తగ్గడానికి వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్‌కు మత్తు డాక్టర్ ఉండాలి. ప్రతి ఆసుపత్రీ అది ఇచ్చి తీరాలన్న చట్టం లేదు కాబట్టి ఆ ఒక్క కారణంతో కేసు నిలబడటం కష్టం.

కుట్ల సంగతి వేరు. కుట్టే చోట లిగ్నోకైన్ ఇంజెక్షన్ ఇచ్చి, తిమ్మిరెక్కాక కుట్టడం మామూలు పద్ధతి. దానికి మత్తు డాక్టర్ అక్కర్లేదు, కాన్పు చేసినవాళ్లే ఇస్తారు. తగిన కారణం లేకుండా అదీ ఇవ్వలేదని తేలితే నిర్లక్ష్యం కిందికే వస్తుంది. ఫిర్యాదులో ఈ విషయమే ముందు రాయండి. కసిరిన మాటలు కూడా రాయండి, చిన్న విషయమని వదిలేయకండి.

ఇక వేలిముద్ర. ఏం చేయబోతున్నారో, వేరే దారులేమున్నాయో రోగికి తగినంత వివరం చెప్పి తీసుకున్నదే సమ్మతి అని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తెలుగు అర్థంకాని మనిషికి ఏమీ చెప్పకుండా వేయించిన ముద్ర సమ్మతి ఎలా అవుతుంది? ఒడియా తెలిసినవాళ్లను ఎక్కడి నుంచి తెస్తామని ఆసుపత్రి అడగొచ్చు. ఆడపడుచు తలుపు బయటే ఉంది కదా! కాన్పు సమయంలో ఒక మహిళను తోడుగా ఉండనివ్వాలని ప్రభుత్వ ఆసుపత్రులకు కేంద్రం 2016లోనే చెప్పింది.

అందరికీ పూర్తి ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లలేం. సుప్రీంకోర్టు 1995లోనే ఆ మాట తేల్చింది. సూపరింటెండెంట్‌కు, జిల్లా వైద్యాధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కైతే ఘటన జరిగిన ఏడాదిలోపు ఫిర్యాదు చేయాలి. నష్టపరిహారానికి సివిల్ కోర్టు ఉంది. లాయరు ఫీజు గురించి టెన్షన్ వద్దు. మహిళ కాబట్టి ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ను ఇస్తుంది. 15100కు ఫోన్ చేసినా చెబుతారు.

వీటన్నిటికంటే ముందు కేస్‌షీట్ కాపీ కోసం ఆమె పేరున దరఖాస్తు పెట్టించండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. లిగ్నోకైన్ ఇచ్చినట్టు అందులో ఉందా, ఎన్ని గంటలకు ఇచ్చినట్టు రాశారు, చూడండి. వానలు పడేలోపు బట్టీ పని ఆగిపోయి వాళ్లు ఊరెళ్లిపోతారు. ఆలోపే జరిగిందంతా ఆమె నోట విని రాయించి, ఒడియాలో తిరిగి చెప్పించి సంతకమో వేలిముద్రో తీసుకోండి. ఆడపడుచు సాక్ష్యం విడిగా రాయించండి. ఒడిశాలో వాళ్ల ఊరి అడ్రసు, పనిచేసే ఫోన్ నంబరు ఫిర్యాదులో ఉంటే తర్వాత నోటీసులు అక్కడికే అందుతాయి.