అర డాలర్లలో వెండి ఏది?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా అబ్బాయి బ్యాంకు నుంచి అర డాలర్ల రోల్స్ తెచ్చి వెండి నాణేల కోసం వెతుకుతున్నాడు. 1967 నాటిది ఒకటి దొరికింది కానీ అంచు కాస్త గోధుమ రంగులో ఉంది. అది వెండేనా? ప్రతిదీ తూచాలా అండీ?
– ఒక పాఠకురాలు

జవాబు: వెండేనమ్మా, భద్రంగా దాచమనండి. 1965 నుంచి 1970 దాకా వచ్చిన, కెనడీ బొమ్మ ఉన్న అర డాలర్లలో 40 శాతం వెండి. పైపొరల్లో వెండి ఎక్కువ, లోపల రాగి ఎక్కువ. అందుకే అంచు పూర్తిగా తెల్లగా ఉండదు. మామూలుదే అనుకుని వీటిని ఖర్చుపెట్టేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

తూకం ముందు కాదు. రోల్ విప్పగానే నాణేలను వరసగా నిలబెట్టి అంచులు చూడాలి. 1964వి, అంతకు ముందువి 90 శాతం వెండి, అంచంతా తెలుపే. ఫ్రాంక్లిన్ బొమ్మ కనిపిస్తే ఇక సంవత్సరం చూడక్కర్లేదు, అవన్నీ వెండివే. 1971 నుంచి చలామణిలోకి వచ్చినవాటికి ఎర్రటి రాగి చార స్పష్టంగా తెలుస్తుంది. 1776–1976 అని రెండు సంవత్సరాలున్నవి చూసి ఆశపడొద్దు. వాటిలో వెండివి సేకరణదారుల సెట్లలోనే అమ్మారు.

అనుమానమొస్తే తూచండి. 90 శాతం నాణెం 12.5 గ్రాములు, 40 శాతంది 11.5, వెండి లేనిది 11.34. చివరి రెంటికీ తేడా చాలా తక్కువ. అరిగిన నాణెమైతే వంటింటి త్రాసు తేల్చలేదు, సంవత్సరాన్నే నమ్మాలి. ఇంకొకటి, దొరికినదాన్ని చింతపండుతో తోమనివ్వకండి. తోమిన నాణేనికి సేకరణదారులు ధర తగ్గిస్తారు.