నరానికి ఫిట్స్ మందు ఎక్కిస్తున్నప్పుడు పక్కనే ఉండు

అమ్మలూ,

నిన్న ఫోన్లో ఏడుస్తూ "పెద్దమ్మా, బాబుకి ఫిట్స్ తగ్గడానికి నరానికి మందు ఎక్కిస్తుంటే ఊపిరి ఆగిపోతుందేమో అనిపించింది" అన్నావు చూడు, ఆ మాటతో రాత్రంతా నాకు నిద్ర లేదు. గుంటూరులో పిల్లల వార్డులో 26 ఏళ్లు నర్సుగా చేసినదాన్ని, నాకు తెలిసింది రాస్తున్నాను, అల్లుడికి కూడా చదివి వినిపించు.

మందు కంటే ఆగని ఫిట్సే ప్రమాదం. 5 నిమిషాలు దాటితే దానంతట అదే తగ్గుతుందిలే అని చూడొద్దు. చేతిలో తాళాలు పెట్టమని, ఉల్లిపాయ వాసన చూపించమని ఎవరు చెప్పినా వినకు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, టైము చూసుకుని, డాక్టరు రాసిచ్చిన మిడజోలం ముక్కు స్ప్రే చెప్పినట్టు కొట్టి, 108కి ఫోన్ చెయ్యి. సాయంత్రం పూట బెంజ్ సర్కిల్ దాటడానికే ఎంతసేపో నీకు తెలుసుగా.

క్యాజువాలిటీలో అడుగు పెట్టగానే బాబు బరువు ఎన్ని కిలోలో చెప్పు, ఈ నెల తూచిన బరువు. స్ప్రే ఎన్ని గంటలకు, ఎంత కొట్టావో కూడా చెప్పు. మిడజోలం, లోరజెపామ్, డయాజెపామ్ ఒకే జాతి మందులు, ఇంట్లో ఒకటి, అంబులెన్సులో ఒకటి, అక్కడికెళ్లాక మళ్లీ ఒకటి పడితే నువ్వు భయపడ్డట్టే ఊపిరి మందగించవచ్చు. అలాగని తక్కువ ఇవ్వమని బతిమాలకు. సగం డోసుకి ఫిట్స్ ఆగక, మళ్లీ మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది. ఆక్సిజన్, అది ఒంట్లో ఎంతుందో చూసే వేలి క్లిప్పు దగ్గరున్నాయా అని మాత్రం అడుగు.

ఆ తర్వాత ఫెనిటాయిన్ అనే ఇంకో ఫిట్స్ మందు పెడితే, క్యాన్యులా (నరంలోకి పెట్టే సన్న గొట్టం) ఉన్న చేతి మీద నుంచి కన్ను తీయకు. దాన్ని సెలైన్లోనే కలపాలి, గ్లూకోజులో కలిపితే మందు విడిపోయి పలుకులు కడుతుంది. కిలోకి 20 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు, నిమిషానికి కిలోకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, అంటే కనీసం 20 నిమిషాలు పట్టాలి. తొందరగా తోసేస్తే బీపీ పడిపోతుంది, గుండె లయ తప్పుతుంది, అందుకే మానిటర్ పెట్టి ఇవ్వాలి. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఓ పాప తల్లి చెయ్యి మంటంటోందని మూడుసార్లు చెప్పింది, సూదన్నాక నొప్పి ఉండదా అన్నారు. చివరికి మందు నరం బయటికి పోయి చెయ్యంతా వాచి ఊదారంగుకి తిరిగింది. ఆ షిఫ్టులో నేనూ ఉన్నాను, మొదటిసారి చెప్పినప్పుడే ఆపాల్సింది. కాబట్టి వాపు, మంట, రంగు మారడం, ఏది కనిపించినా మొహమాటపడకుండా "సిస్టర్, ముందు ఇది ఆపి చూడండి" అను.

దాని బదులు లెవెటిరాసిటామ్ అనే మందు ఇస్తే గుండె భయం తక్కువ, కానీ కొందరు పిల్లలకి చిరాకు, కోపం వస్తాయి. ఏది మంచిదని గొడవపడకు. 2019లో అమెరికాలో ఫాస్ఫెనిటాయిన్ (ఫెనిటాయిన్ లాంటిదే), వాల్ప్రొయేట్, లెవెటిరాసిటామ్ అనే ఫిట్స్ మందులు మూడూ పోల్చి చూస్తే, ఏది ఇచ్చినా దాదాపు సగం మందికే ఫిట్స్ ఆగాయి.

మనవాడు తాగేది వాల్ప్రొయేట్ సిరప్ కదా, ఇది గుర్తుపెట్టుకో: జ్వరానికి అడ్మిట్ చేసి మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ పెడతామంటే, ఈ సిరప్ సంగతి వెంటనే చెప్పు. అది పడితే ఒంట్లో వాల్ప్రొయేట్ బాగా పడిపోయి మళ్లీ ఫిట్స్ రావచ్చు.

ఇవన్నీ ఒక అట్టముక్క మీద రాసి, వాడి బరువు, మందుల డోసులు, పడని మందులు కలిపి బ్యాగులో పెట్టు. ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి, ఆదివారం వచ్చినప్పుడు సీసాలు పక్కన పెట్టుకుని ఇద్దరం సరిచూద్దాం.

మీ పెద్దమ్మ