పెరటి తోట: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఇంటి వెనుక రెండు సెంట్ల ఎర్రనేలలో వంగ, బెండ, టమాట, గోరుచిక్కుడు పెంచుతున్నాను. తుంగ విపరీతంగా వస్తోంది. వారానికొకసారి పీకుతున్నా నాలుగు రోజులకే మళ్ళీ మొలుస్తోంది. ఉప్పునీళ్ళు పోయమని ఒకరు, కలుపు మందు కొట్టమని మరొకరు చెబుతున్నారు. ఇంట్లో తినే కూరగాయలు కనుక మందు వాడటం నాకు ఇష్టం లేదు. వేరే మార్గం ఉందా?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ముందుగా ఉప్పు సంగతి. దయచేసి ఆ పని చేయకండి. ఉప్పు తుంగ ఆకును మాడుస్తుందే గాని నేలలోని గడ్డను చంపదు. పైగా అది మట్టిలోనే నిలిచిపోయి, మీ వంగ, బెండ వేళ్ళకు నీరు అందకుండా చేస్తుంది. చెడిన ఆ మట్టి మళ్ళీ బాగుపడటానికి చాలా కాలం పడుతుంది.

మీరు పీకుతున్నది నిజంగా తుంగేనా అన్నది కాడను రెండు వేళ్ళ మధ్య దొర్లించి చూస్తే తెలిసిపోతుంది. గడ్డిజాతి మొక్కల కాడ గుండ్రంగానో చదునుగానో ఉంటుంది, తుంగ కాడకు మాత్రం మూడు అంచులు తగులుతాయి. ఒక మొక్క చుట్టూ జానెడు లోతు తవ్వి, మట్టిని మెల్లగా విదిల్చి చూడండి. సన్నని తీగ వంటి వేళ్ళకు, పూసలు గుచ్చినట్టుగా, ముదురు గోధుమరంగు గడ్డలు వేలాడుతుంటాయి. ఒకదాన్ని గోటితో చీల్చితే లోపల తెల్లగా ఉండి, మంచి వాసన వస్తుంది. ఆయుర్వేదం అంగళ్ళలో తుంగముస్తల పేరుతో అమ్మేవి ఇవే. మీరు మొక్కను పీకినప్పుడు కాడ తెగి చేతికి వస్తుంది, ఈ గడ్డ లోపలే ఉండిపోయి, తనలో దాచుకున్న ఆహారంతో మళ్ళీ చిగురు వేస్తుంది.

అలాగని మీ శ్రమ వృథా కాలేదు. చిగురు వేసిన ప్రతిసారీ గడ్డలోని నిల్వ కొంత తరుగుతుంది. నాలుగైదు ఆకులు వచ్చి, అవి గడ్డకు తిరిగి ఆహారం పంపడం మొదలుపెట్టేలోపు తీసివేస్తూ ఉంటే గడ్డ క్రమంగా నీరసిస్తుంది. పండగకో పెళ్ళికో ఊరెళ్ళి నెల రోజులు వదిలేస్తే మాత్రం కొత్త గడ్డలు ఊరి, కథ మొదటికి వస్తుంది. కనుక పంట ఉన్నన్నాళ్ళూ వారం తప్పకుండా దోకుడుపారతో తీస్తూ ఉండండి. మొక్కల మొదళ్ళ దగ్గర మాత్రం చేత్తోనే తీయాలి.

అసలు పని ఎండాకాలానిది. ఏప్రిల్, మే నెలల్లో మడి ఖాళీగా ఉన్నప్పుడు నీరు పెట్టకుండా జానెడు లోతు తిరగదవ్వి, దొరికిన గడ్డలన్నీ ఏరివేయండి. గడ్డల్లో ఎక్కువ భాగం ఆ లోతులోనే ఉంటాయి. మిగిలిన వాటికి ఎండ తగిలేలా వారానికొకసారి మట్టిని తిరగేస్తే, మన రేణిగుంట, తిరుపతి ఎండలకు చాలావరకు ఎండి చచ్చిపోతాయి. ఏరిన గడ్డలను ఎరువు గుంతలో వేయకండి, బండ మీద పూర్తిగా ఎండనివ్వండి.

తుంగకు నీడ గిట్టదు. నాట్లు వేశాక మట్టి కనబడకుండా మూడు, నాలుగు అంగుళాల మందాన వేరుశనగ పొట్టు గాని, ఎండిన చెరకు ఆకు గాని పరచండి. మన ప్రాంతంలో రెండూ దొరికేవే. కాండానికి రెండు అంగుళాల ఎడం వదలాలి, లేకపోతే తడికి మొదలు కుళ్ళుతుంది. తుంగ మొన సూదిలా ఉంటుంది కనుక అక్కడక్కడా ఈ పొరను పొడుచుకుని పైకి వస్తుంది. అలా వచ్చిన వాటిని వెంటనే తీయండి. ఎర్రనేలలో ఎండిన చెత్తకు చెద పట్టే అవకాశం ఉంది, అప్పుడప్పుడు ఎత్తి చూస్తుండండి. వరుసల మధ్య అలసంద వేస్తే నేలను త్వరగా కప్పుతుంది, కాయలూ వస్తాయి.

ప్రశ్న: దగ్గరలోని పశువుల పాక నుంచి పేడ తెచ్చి వేశాక, ఇంతకు ముందు లేని కలుపు మొక్కలెన్నో మొలిచాయి. పేడ వేయడం తప్పా?
- ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: పేడ తప్పు కాదు, పచ్చిపేడ తప్పు. పశువు తిన్న గడ్డి గింజల్లో కొన్ని అరగకుండా పేడలో వచ్చి మీ మడిలో మొలిచాయి. పేడను కుప్పగా పోసి, తడి ఆరనీయకుండా, రెండు వారాలకొకసారి తిరగేస్తూ మూడు నెలలు మాగనిస్తే, కుప్ప లోపల పుట్టే వేడికి చాలా గింజలు చచ్చిపోతాయి. ఈశాన్య రుతుపవనాల వానలకు ముందే ఎరువు వేసి, మడి తడిపి, పది రోజులకు మొలిచిన కలుపును పైపైన గీకి, ఆ తర్వాతే విత్తనం వేయండి. లోతుగా తవ్వితే కింది గింజలు పైకి వస్తాయి.

మొలిచినదంతా పారేయనక్కరలేదు. అందులో గంగవాయిలి కూర ఉంటే, పుల్ల మామిడికాయతో పప్పు వండుకోవచ్చు. తుంచినప్పుడు పాలు కారితే అది గంగవాయిలి కాదు, తినకండి. వయ్యారిభామ కనిపిస్తే, తెల్లని పువ్వు విచ్చకముందే చేతులకు తొడుగులు వేసుకుని వేరుతో సహా పీకండి. ఒళ్ళంతా దురద పుట్టించే మొక్క అది.