టైప్-సి పోర్టు ఊడి రావట్లేదంటే బలం పెట్టకండి

హాట్ ఎయిర్ గన్ 400 డిగ్రీల్లో పెట్టినా మీ స్పీకర్ బోర్డు మీది విరిగిన ఛార్జింగ్ పోర్టు కదలట్లేదంటే కారణం దాని పక్క కాళ్లే. అవి బోర్డులోని గ్రౌండ్ (కరెంటు తిరిగి వెళ్లే దారి) రాగి పొరకు అతికి ఉంటాయి. మీరిచ్చే వేడంతా ఆ రాగి లాగేసుకుంటోంది. ఇంకా వేడి పెంచితే ప్యాడ్లు (పిన్నులు అతికే రాగి బిళ్లలు) లేచిపోతాయి.

1. ముందు బ్యాటరీ తీసేయండి. పక్కనున్న ప్లాస్టిక్ భాగాలకు వేడిని తట్టుకునే కాప్టన్ టేప్ వేయండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: గన్ పట్టకముందే కాళ్లకూ, పిన్నుల వరసకూ ఫ్లక్స్ (సోల్డర్ బాగా పారేందుకు రాసే పేస్టు) రాసి, సోల్డరింగ్ ఐరన్‌తో 63/37 (63 శాతం తగరం, 37 శాతం సీసం) సోల్డర్ దండిగా కలపండి. ఫ్యాక్టరీలో వాడే లెడ్-ఫ్రీ (సీసం లేని) సోల్డర్ సుమారు 217 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఈ సీసం సోల్డర్ 183 దగ్గరే. రెండూ కలిస్తే తక్కువ వేడికే కరుగుతుంది. మసకగా ఉన్న పాత సోల్డర్ తళతళ మెరిసిందంటే బాగా కలిసినట్టు. తొందరపడకండి, ప్రతి కాలు దగ్గరా ఆగండి.

3. బోర్డును కింద నుంచి కాస్త వేడెక్కించి, పైనుంచి 350లో గన్ తిప్పుతూ ఉండండి. ట్వీజర్‌తో తాకితే పోర్టు దానంతటదే జరగాలి. జరిగాకే ఎత్తండి.

4. విక్‌తో (సోల్డర్‌ను పీల్చుకునే రాగి అల్లికతో) ప్యాడ్లు, రంధ్రాలు శుభ్రం చేసి, ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తుడిచి, కొత్తది అతికించండి.

5. ఛార్జర్ పెట్టేముందు వీబస్‌కీ (కరెంటు వచ్చే పిన్ను) గ్రౌండ్‌కీ మధ్య మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి చూడండి. బీప్ వస్తే పిన్నుల మధ్య సోల్డర్ కలిసిపోయింది, ఫ్లక్స్ వేసి విక్‌తో తీసేయండి.